కొత్త పాట చెవికెందుకు ఎక్కదు?

మీకెంతో నచ్చిన పాట ఒకటుంది. దాన్ని మీ స్నేహితుడికి వినిపించారు. వింటున్నంతసేపూ మీ కళ్లు అతని ముఖం మీదే ఉన్నాయి. మీకు ఒళ్లు గగుర్పొడిచే చోటు వచ్చింది. అతడు చెవి గోక్కున్నాడు. పాట పూర్తయ్యాక, “ఊఁ, బాగానే ఉంది” అన్నాడు. ఆ “బాగానే” అన్న మాట ఎంత చప్పగా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు!

ఇద్దరి చెవుల నిర్మాణమూ ఒక్కటే. కర్ణభేరి, దాని వెనుక మూడు చిన్న ఎముకలు, నత్తగుల్లలాంటి కర్ణావర్తం అన్నీ ఇద్దరికీ ఉన్నాయి. గాలిలో వచ్చిన తరంగాలూ అవే. అయినా ఒకరికి అది సంగీతం, రెండోవారికి చప్పుడు. ఎందుచేత? ఈ సంగతి కాస్త పరిశీలిద్దాం. దానితోబాటు, ఈమధ్య నేను కొత్తగా విన్న సంగీతాలు కొన్నింటిని మీకు పరిచయం చేస్తాను. వాటిని ఎలా వినాలో కూడా చెబుతాను. అలా చెప్పడం ఎందుకు అవసరమో నాకు ఆలస్యంగా తెలిసింది.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చెబుతున్నాను. తీగను ఎంత బిగిస్తే దాని పౌనఃపున్యం, అంటే సెకనుకు జరిగే కంపనాల సంఖ్య, అంత పెరుగుతుందని బోర్డు మీద రాస్తున్నాను. వెనక బల్ల మీద టకటకమని చప్పుడు! తిరిగి చూస్తే ఒక కుర్రవాడు రెండు చేతులతో బల్ల వాయిస్తున్నాడు. లేపి నిలబెట్టాను. భయపడతాడనుకుంటే, “డప్పు దరువు సార్. మా నాయిన కొడతడు. మీరు ఒక్కసారి వినాలె సార్” అన్నాడు. నేనేమన్నానో తెలుసా? “మృదంగం గురించి చదువుకో. సి.వి. రామన్ అంతటివాడు దాని మీద పరిశోధన చేశాడు. డప్పులో ఏముందిరా?” అన్నాను. పిల్లలంతా నవ్వారు. అతడు కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా నా తరగతిలో మళ్లీ నోరు విప్పలేదు.

ఆ మరుసటి ఏడాది అంతరిక్షయానాల పాఠం కోసం వాయేజర్ నౌకల గురించి చదువుతూ ఉంటే ఒక జాబితా నా కంటబడింది. అది పాటల జాబితా.

1977 ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 భూమిని వదిలాయి. గురు, శని గ్రహాలను చూసి, అటునుంచి సౌరకుటుంబం దాటి పోవడమే తప్ప అవి తిరిగి రావు. వాటిలో ఒక్కొక్కదానికీ బంగారు పూత పూసిన రాగి గ్రామఫోను రికార్డు ఒకటి బిగించారు. వ్యాసం 12 అంగుళాలు. ఎప్పటికైనా, ఎక్కడైనా, ఎవరైనా దాన్ని చూస్తే మనుషులు ఎలాంటివారో తెలియాలని వారి ఉద్దేశం. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి. మన తెలుగు కూడా ఉంది. బొమ్మలున్నాయి. వాన, గాలి, పక్షుల చప్పుళ్లున్నాయి. అన్నిటికంటె ఎక్కువ చోటు మాత్రం సంగీతానిది. దాదాపు గంటన్నర, మొత్తం 27 ముక్కలు.

కొంచెం ఆలోచించండి. “ఇది వినండి, బాగుంటుంది” అని మనం మన స్నేహితులకే చెబుతాం. ఈ శాస్త్రజ్ఞులు ముక్కూ ముఖం తెలియనివారికి, చెవులున్నాయో లేవో కూడా తెలియనివారికి చెప్పబూనుకొన్నారు! పైగా ఎంచేవారికి కూడా ప్రపంచంలోని సంగీతమంతా తెలియదు. కార్ల్ సేగన్, ఆన్ డ్రూయన్, టిమొథీ ఫెరిస్ మొదలైనవారు తెలిసినవారినల్లా అడిగారు. అలా సలహా ఇచ్చినవారిలో రాబర్ట్ బ్రౌన్ అనే సంగీత పరిశోధకుడొకడు. ఆయన మన దక్షిణాది మృదంగం మీదనే సిద్ధాంత గ్రంథం రాసి 1965లో డాక్టరేటు పొందినవాడు. భారతదేశం నుంచి ఏది పంపాలని అడిగితే ఆయన కేసర్‌బాయి కేర్కర్ పాడిన ఒక హిందుస్తానీ పాట పేరు చెప్పాడు. పేరైతే చెప్పాడు గాని రికార్డు దొరకదే! చివరకు న్యూయార్కులో ఒక భారతీయ కుటుంబం నడిపే దుకాణంలో, బల్లకింద అట్టపెట్టెలో, ఆన్ డ్రూయన్‌కు కనబడింది. భైరవి రాగంలో ఆ మూడున్నర నిమిషాల పాట ఇప్పుడు నక్షత్రాల మధ్య ప్రయాణిస్తున్నది. గోవాలో 1892లో పుట్టిన ఆ గాయని, వాయేజర్-1 బయలుదేరిన పదకొండో రోజున, 1977 సెప్టెంబరు 16న, కన్నుమూసింది.

కర్ణాటక సంగీతం మాత్రం ఆ రికార్డులో ఒక్క ముక్కా లేదు. నాకు కొంచెం కష్టమే అనిపించింది. కానివ్వండి.

అన్నిటికంటె నన్ను ఆకర్షించింది రికార్డు కాదు, దాని మీది మూత. మూత మీద బొమ్మలు గీశారు: ముల్లును రికార్డు మీద ఎక్కడ ఆనించాలి, రికార్డును ఎంత వేగంతో తిప్పాలి? నిమిషానికి పదహారూ రెండు బై మూడు వంతుల చుట్లు అని రాస్తే లాభం లేదు. మన నిమిషం వారికి తెలియదు గదా! అందుకని విశ్వమంతటా ఒకే తీరుగా ఉండే హైడ్రోజన్ పరమాణువులో జరిగే ఒక మార్పు కాలాన్ని కొలతగా తీసుకొని, దానికి ఇన్ని రెట్లు అని గుర్తులు పెట్టారు. వాయించడానికి కావలసిన ముల్లును కూడా జతచేశారు. అంటే పాటతో బాటు వినే పద్ధతిని కూడా పంపారన్నమాట.

ఆ 27 ముక్కల్లో నేను అంతకుముందు విన్నవి ఎన్ని? ఒకటో రెండో. పదో తరగతికి శనివారం చివరి పీరియడులో వారానికొకటి చొప్పున వినిపిస్తే బాగుంటుందనుకొన్నాను. ఫోనూ, చిన్న స్పీకరూ పట్టుకొని వెళ్లాను. మొదటి వారం వినిపించింది జావా ద్వీపపు గామెలాన్. కంచు గంటలు, కంచు బద్దలు వరుసగా పేర్చి పదిమందీ కలిసి వాయించే వాద్యబృందం అది. పాట పేరు “పుష్పవర్ణ”. పేరు మనకు తెలిసినదే అయినా సంగీతం తెలియలేదు. ఒక నిమిషమైంది. సంగీతం నేర్చుకొంటున్న అమ్మాయి ఒకతె లేచి, “సార్, ఎవరో మోహన రాగం వాయించబోయి శ్రుతి తప్పుతున్నట్టుంది” అన్నది. అందరూ నవ్వారు. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను.

ఆ అమ్మాయి మాటలో అబద్ధం లేదు. మోహనలో ఐదు స్వరాలు: స రి గ ప ద. వీటి మధ్య దూరాలు సమానం కావు. గ నుంచి ప కు, ద నుంచి పై స కు ఎడం ఎక్కువ. పుష్పవర్ణ వాయించే మేళంలోనూ ఐదు స్వరాలే. కాని వారు స నుంచి పై స వరకు ఉన్న దూరాన్ని ఇంచుమించు ఐదు సమభాగాలుగా పంచుకొన్నారు. మన చెవి మోహన వస్తుందని ఎదురుచూస్తుంది. ప్రతి స్వరమూ రవంత పక్కన పడుతుంది. ఎదురుచూచిన మెట్టు లేకపోతే కాలు ఎలా తడబడుతుందో, చెవీ అలాగే తడబడుతుంది.

కిటుకంతా ఈ “ఎదురుచూడడం”లోనే ఉంది. మనం పాట వినేటప్పుడు మెదడు ఊరికే కూర్చోదు. చిన్నప్పటినుంచి విన్న స్వరాలను, తాళాలను బట్టి తరువాత ఏది వస్తుందో క్షణక్షణానికీ ఊహిస్తూ ఉంటుంది. ఊహ ఫలించినా, చిన్న చమత్కారంతో తప్పినా మనకు సంతోషం. అసలు ఊహించడానికే ఆధారం దొరకకపోతే? అప్పుడది చప్పుడు.

2013లో కెనడాలోని మాంట్రియల్ శాస్త్రజ్ఞులు దీన్ని చక్కగా పరీక్షించారు. 19 మందికి, వారెన్నడూ వినని 60 పాటల ముక్కలను, ఒక్కొక్కటి 30 సెకన్ల చొప్పున వినిపించారు. నచ్చినదాన్ని సొంత డబ్బుతో కొనుక్కోవచ్చునన్నారు. వింటున్నప్పుడు వారి మెదడులో ఏ భాగం ఎంత పనిచేస్తున్నదో యంత్రంతో చూశారు. ఎక్కువ డబ్బు పెట్టడానికి సిద్ధపడ్డ పాటల విషయంలో, మెదడు లోతున ఉండి లాభం కలిగినప్పుడు స్పందించే ఒక చిన్న కేంద్రం చురుకుగా ఉన్నది. అంతేగాదు, ఆ కేంద్రానికీ, విన్న ధ్వనులను గుర్తుంచుకొనే భాగానికీ మధ్య సంబంధం బలపడింది. కొత్త పాటను తూచేది పాత పాటల తక్కెడతోనే అన్నమాట.

అయితే కొన్ని స్వరాలు కలిస్తే ఇంపుగా, కొన్ని కలిస్తే కర్ణకఠోరంగా ఉండడం ప్రకృతి సిద్ధం కాదా అని మీరడగవచ్చు. నేనూ అలాగే చదువుకొన్నాను, అలాగే పాఠం చెప్పాను. 2016లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం, బొలీవియా దేశపు అడవుల్లో నివసించే చిమానే జాతివారికి మనం కఠోరమనే కలయికలూ, ఇంపైనవనే కలయికలూ సమానంగానే నచ్చాయి. తేడా తెలియక కాదు. రెండూ వేరని వారు గుర్తుపట్టగలరు. అందులో చెడ్డదేమీ వారికి కనబడలేదు, అంతే.

మరి చెవికి కొత్త అలవాటు ఎలా చేయాలి? మళ్లీ వినాలి. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అర్థంలేని మాటలు, తెలియని లిపి అక్షరాలు, తెలియని ముఖాలు తీసుకొని విద్యార్థులకు కొన్నింటిని ఎక్కువసార్లు, కొన్నింటిని తక్కువసార్లు చూపాడు. ఎక్కువసార్లు చూసినవే ఎక్కువ నచ్చాయి. సంగీత చరిత్రలో ఇలాంటి ఉదంతమొకటి ప్రసిద్ధం. స్త్రావిన్‌స్కీ రచించిన “వసంతోత్సవం” 1913 మే 29న పారిస్‌లో మొదటిసారి ప్రదర్శించినప్పుడు హాలంతా అరుపులు, ఎగతాళి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అదే నగరంలో అదే సంగీతం వాయిస్తే జనం రచయితను భుజాలకెత్తుకొన్నారు. కాని ఇది శుద్ధమైన ప్రయోగం కాదు సుమా! మొదటిసారి దానితో నృత్యం కూడా ఉంది, గొడవలో సగం నృత్యం వల్లనే. రెండోసారి సంగీతం ఒక్కటే. ఒకేసారి రెండు అంశాలు మారితే ఫలితం దేనివల్లో చెప్పలేం. ఈ రచనలో కొంత భాగం కూడా వాయేజర్ మీద ఉంది.

అందుచేత మా తరగతిలో ఒక నియమం పెట్టుకొన్నాం. ఏ పాటనైనా మూడుసార్లు వినాలి, రోజుకొకసారి. ప్రతిసారీ పదికి ఎన్ని మార్కులో నోటుపుస్తకంలో రాయాలి, ముందటి మార్కు చూసుకోకుండా. వినడానికి ముందు, ఏది గమనించాలో ఒక్క మాట చెప్పాలి. ఒక్క మాటే. ఎక్కువ చెబితే మన ఇష్టాన్ని అవతలివారి నెత్తిన రుద్దినట్లవుతుంది.

గామెలాన్‌కు నేను చెప్పే మాట: రాగం కోసం వెతకకండి, గంట మోగి ఆరిపోయేదాకా వెంబడించండి. తీగ కంపించినప్పుడు మూల స్వరంతో బాటు దానికి 2, 3, 4 రెట్ల స్వరాలు కూడా పుడతాయి. వీటిని అనుస్వరాలంటారు. లోహపు బద్దలో అలా కాదు. ఒకే మందం గల బద్దను కొడితే, మూల స్వరం తరువాత వచ్చేవి 2.76 రెట్లు, 5.40 రెట్లు. ఈ లెక్క తప్పిన స్వరాలే ఆ మిలమిలకు కారణం. గుడిగంట మోగాక దగ్గర నిలబడితే ఇలాంటి మిశ్రమమే మీకు వినబడుతుంది. మూడోసారి విన్నాక మోహన అమ్మాయి నాలుగు మార్కులు ఏడు చేసింది.

రెండోది చైనా వాద్యం గుచిన్. ఏడు తీగలు. మెట్లు లేవు. “ప్రవహించే ఏరులు” అనే పాటను గువాన్ పింగ్‌హు వాయించాడు. వాద్యం పొడవునా 13 తెల్లని చుక్కలుంటాయి. అవి అలంకారమనుకొన్నాను. కాదు, అవి తీగను సగానికి, మూడో వంతుకు, నాలుగో వంతుకు, ఇలా భాగించే చోట్లు! అక్కడ తీగను నొక్కకుండా వేలితో ఊరికే తాకి మీటితే మూల స్వరం అణగి, రెండు రెట్లదో మూడు రెట్లదో అనుస్వరం ఒంటరిగా, చిన్న మువ్వలా పలుకుతుంది. వేలు తాకిన చోట తీగ కదలరాదు. అక్కడ కదలని కంపన రీతులే మిగులుతాయి. మీరే చేసి చూడవచ్చు. వీణ గాని గిటారు గాని దొరికితే తీగ సరిగ్గా మధ్యన తాకి మీటి, వెంటనే వేలు తీసెయ్యండి. పాటలో ఆ మువ్వలు ఎక్కడెక్కడ వస్తాయో లెక్కపెట్టండి. ఈ పాటకు ఒక పాత కథ ఉంది. బోయా అనే విద్వాంసుడు కొండను తలచుకొని వాయిస్తే కొండనీ, ఏరును తలచుకొని వాయిస్తే ఏరునీ గుర్తించే స్నేహితుడొకడు ఉండేవాడట. అతడు చనిపోయాక బోయా తీగలు తెంచి మళ్లీ వాయించలేదట. చైనా భాషలో ప్రాణస్నేహితుణ్ణి “స్వరం తెలిసినవాడు” అనే అంటారు.

మూడోది అమెరికా నల్లజాతి గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో డల్లాస్ నగరంలో ఇచ్చిన రికార్డు. ఇందులో మాటలు లేవు. మూలుగులాంటి కూనిరాగమూ, గిటారూ, అంతే. గిటారు తీగ మీద గట్టి వస్తువొకటి జారుస్తూ వాయిస్తాడు. తీగ పొడవు మెట్టుమెట్టుగా కాక ఎడతెగకుండా మారుతుంది కాబట్టి స్వరం కూడా పాకుతూ పోతుంది. మన గోటువాద్యంలోనూ చేసేది ఇదే. గొంతు ఎక్కడ ఆగి గిటారు అందుకొంటుందో గమనించండి. మా పిల్లల్లో ఎక్కువమందికి ఇది మొదటిసారే నచ్చింది. గమకానికి అలవాటుపడ్డ చెవులు గదా.

మూడుసార్లు వింటే అన్నీ నచ్చుతాయని నేననడం లేదు. మొట్సార్టు ఒపేరాలో రాత్రిరాణి పాడే పాట ఒకటుంది. గొంతు సెకనుకు దాదాపు 1400 కంపనాల దాకా ఎగబాకుతుంది. ఆశ్చర్యమే, కాని నాకు ఆరుసార్లు విన్నా మూడు మార్కులు దాటలేదు. ఇద్దరు పిల్లలు మాత్రం పదికి పది వేశారు.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒక శనివారం, “ఈసారి పాట నేను తేను. మీలో ఎవరైనా తేవాలి, ఎలా వినాలో కూడా చెప్పాలి” అన్నాను. అంటూ వెనక బల్ల వైపు చూశాను. అతడు తల దించుకొన్నాడు. తరగతి అయిపోయాక దగ్గరికి పిలిచి, “పోయినేడు నేనన్న మాట తప్పురా. మీ నాన్నను డప్పు తీసుకొని రమ్మంటావా?” అని అడిగాను. “పనికి పోతడు సార్” అన్నాడు. మూడు వారాలు గడిచాయి. నాలుగో శనివారం తండ్రీ కొడుకులు డప్పుతో వచ్చారు.

ముందు ఆయన మైదానంలో నాలుగు ఎండుకొమ్మలు వేసి మంట చేసి డప్పు కాచాడు. తోలు గాలిలోని చెమ్మను పీల్చి వదులవుతుంది. వేడికి చెమ్మ పోయి బిగుస్తుంది. కాచకముందు ఒక దెబ్బ, కాచాక ఒక దెబ్బ వేయించి, ఫోనులో పౌనఃపున్యం చూపే గీతలు పిల్లలకు చూపాను. గీతలు పైకి జరిగాయి. తీగ పేరుతో నేను బోర్డు మీద రాసిన సూత్రమే అది: బిగువు నాలుగు రెట్లయితే పౌనఃపున్యం రెండు రెట్లు. ఆ రోజు ఆ పిల్లవాణ్ణి పాఠం చెప్పనిచ్చి ఉంటే నాకు తీగ అవసరమే ఉండేది కాదు.

రామన్ సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఒకే మందంగా బిగించిన గుండ్రటి తోలు, మూల స్వరానికి 1.59, 2.14, 2.30 రెట్ల స్వరాలిస్తుంది. వీటికి పొత్తు కుదరదు. మృదంగం కుడిమూతి మధ్య అంటించే నల్లని ముద్ద ఆ స్వరాలను సవరించి ఇంచుమించు 2, 3, 4, 5 రెట్లకు తెస్తుందని 1920లో రామన్ “నేచర్” పత్రికలో ప్రకటించాడు. అందుకే మృదంగం శ్రుతిలో పలుకుతుంది. డప్పుకు ముద్ద లేదు. దాని స్వరాలు పొత్తు లేకుండా ఒక్కసారిగా పగులుతాయి. నిర్దిష్టమైన శ్రుతి లేదు. ఆ పగులే ఊరి ఆ చివరిదాకా వినబడి, ప్రతి దెబ్బనూ పక్క దెబ్బ నుంచి విడదీసి చూపుతుంది. పాటకు శ్రుతి ఇవ్వడం దాని పని కాదు, నడక ఇవ్వడం దాని పని. మృదంగపు తక్కెడలో డప్పును తూచాను నేను.

ఆయన వాయించడం మొదలుపెట్టాడు. నాకు మొదట వినబడ్డది ఒకటే మోత. కొడుకు నా పక్కకు వచ్చి నిలబడి, “కుడిచేతి సిర్ర ఇనకుండ్రి సార్, అది అందరికీ ఇనబడ్తది. ఎడమచేతి చిటికెన పుల్ల ఇనుండ్రి” అన్నాడు. విన్నాను. పెద్ద దెబ్బల సందుల్లోంచి, సన్నగా, వేరే లెక్కతో మరొక దరువు పరుగెత్తుతున్నది. అది అంతవరకూ అక్కడే ఉంది.

వాయించడం ఆగాక నోటుపుస్తకం తీసి మార్కు వేయబోయాను. కుర్రవాడు, “ఒక్కసారే అయింది గద సార్, ఇంకా రెండుసార్లున్నయి” అన్నాడు. వాళ్ల నాన్న డప్పును మళ్లీ మంట దగ్గరికి తీసుకుపోయాడు.